ఈ బొమ్మలో ఏముందండీ? నైరూప్య చిత్రకళ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలోనో గుంటూరులోనో బొమ్మల ప్రదర్శన పెడితే దేవుడి బొమ్మ దగ్గర, పల్లెటూరి బొమ్మ దగ్గర జనం ఆగుతారు. ఆకారం లేని రంగుల బొమ్మ దగ్గరికి వచ్చేసరికి నడక వేగం పెరుగుతుంది. ఆగినవాళ్లు మాత్రం తప్పకుండా ఏదో ఒకటి అడుగుతారు, ఆ ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే. నేను బొమ్మలు వేస్తాను, పిల్లలకి నేర్పుతాను. ఈ కళంటే నాకు ప్రాణం. అందుకే కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది.

నైరూప్య చిత్రం అంటే ఏంటి?

చెట్టు, మనిషి, ఇల్లు, దేవుడు అని గుర్తుపట్టే వస్తువేదీ లేకుండా రంగు, గీత, ఆకారం, వాటి మధ్య వదిలిన ఖాళీ, వీటితోనే నిలబడే చిత్రం. అమూర్త చిత్రం అని కూడా రాస్తుంటారు. దీనికి రెండు దారులున్నాయి. కొందరు కళ్లెదుట ఉన్న వస్తువుతో మొదలుపెట్టి, అక్కర్లేదనుకున్నది ఒక్కొక్కటే తీసేస్తూ పోతారు. ఇంకొందరు వస్తువుతో పనే పెట్టుకోరు, రంగుతో మొదలై రంగుతోనే ముగిస్తారు. బయట మోడర్న్ ఆర్ట్ అని అన్నిటినీ ఒకే గాట కట్టేస్తుంటారు గానీ అది సరికాదు. పికాసో ముఖాన్ని ముక్కలు చేశాడు, కన్నుని చోటు మార్చి పెట్టాడు, అయినా ముఖాన్ని వదల్లేదు. పూర్తి నైరూప్యంలోకి ఆయన ఎప్పుడూ వెళ్లలేదు.

సరే, మరి దీని అర్థం ఏంటి?

ఎక్కువమంది అడిగేది ఇదే. అడగడంలో తప్పేం లేదు. కాకపోతే ఈ ప్రశ్న వెనక ఒక అనుమానం ఉంటుంది. చిత్రకారుడు ఏదో సంగతి రంగుల కింద దాచాడని, తెలివైనవాళ్లు కనిపెడతారని, తమకే అది చేతకావడం లేదని. ఆ అనుమానంతోనే చాలామంది ఇబ్బంది పడి పక్కకి వెళ్లిపోతారు. ఇక్కడ ఎవరూ ఏమీ దాచలేదు. ఉన్నదంతా పైకి కనిపిస్తూనే ఉంది.

సంగీతం దగ్గర మనం ఈ ప్రశ్న వేయం. పెళ్లిలో చిలకలూరిపేట నాదస్వరం వాళ్లు కల్యాణి రాగం ఎత్తుకుంటే అందులో ఒక్క మాట ఉండదు, కథ ఉండదు. అయినా పందిట్లో కూర్చున్నవాళ్ల మనసు మారుతుంది. ఈ గమకానికి అర్థమేంటని ఎవరూ అడగరు. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో పనిచేసిన బాలమురళీకృష్ణ గారి ఆలాపన వినేవాళ్లు సాహిత్యం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడలేదు, ఆ ఆలాపనే వాళ్లకి చాలింది.

ఈ వాదన నాది కాదు. ఈ కళకి పునాది వేసినవాళ్లలో ఒకడైన రష్యన్ చిత్రకారుడు వాసిలీ కాండిన్‌స్కీ సరిగ్గా ఈ దారిలోనే వచ్చాడు. 1911 జనవరిలో మ్యూనిక్‌లో సంగీతకర్త షోన్‌బర్గ్ కచేరీ విని, ఆ ఊపులోనే ఒక చిత్రం వేశాడు. అందులో నల్లటి పియానో, ముందుకి వంగిన శ్రోతలు లీలగా ఉంటారు. మిగతా కాన్వాసంతా పొంగిపొర్లే పసుపు. ఆ పసుపే సంగీతం. శబ్దం మాటల సాయం లేకుండా మనిషిని కదిలించగలిగినప్పుడు రంగు వస్తువు సాయం లేకుండా ఎందుకు కదిలించలేదు? ఆయన జీవితమంతా ఈ ప్రశ్న వెంటే నడిచాడు.

మొదటి నైరూప్య చిత్రం ఎవరు వేశారు?

పాత పుస్తకాల్లో కాండిన్‌స్కీ పేరే ఉంటుంది. ఆయన 1866లో మాస్కోలో పుట్టాడు, లా చదివాడు. 30 ఏళ్ల వయసులో చేతికొచ్చిన యూనివర్సిటీ ఉద్యోగం వదులుకుని బొమ్మలు నేర్చుకోవడానికి జర్మనీ వెళ్లాడు. దానికి ముందు మాస్కోలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన గడ్డివాము చిత్రం చూసి, అది గడ్డివాము అని మొదట పోల్చుకోలేకపోయాడట. పోల్చుకోలేకపోయినా ఆ చిత్రం మాత్రం మనసుని వదల్లేదు. తర్వాత మ్యూనిక్‌లో ఒక సాయంత్రం స్టూడియోకి తిరిగొచ్చేసరికి మసక వెలుతురులో గోడకి ఆనించి ఒక అద్భుతమైన చిత్రం కనిపించింది. అందులో ఏ వస్తువూ తెలియడం లేదు, రంగులు మాత్రం వెలిగిపోతున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే పక్కకి తిప్పి పెట్టిన తన సొంత బొమ్మే. మర్నాడు పగటి వెలుతురులో ఆ అనుభవాన్ని మళ్లీ తెచ్చుకోవాలని చూస్తే కుదరలేదు, బొమ్మలోని వస్తువులు గుర్తుకొచ్చి అడ్డుపడ్డాయి. వస్తువులే తన చిత్రాలకి చేటు చేస్తున్నాయని అప్పుడు తేల్చుకున్నాడు. ఈ సంగతులన్నీ ఆయనే రాసుకున్నాడు.

అయితే ఆయనకంటే ముందే స్వీడన్‌లో ఒకామె ఈ పని చేసింది. పేరు హిల్మా ఆఫ్ క్లింట్, పుట్టింది 1862లో. 1906లో మొదలుపెట్టి 1915 దాకా ఒక ఆలయం కోసమని 193 చిత్రాలు వేసింది. వాటిలో 1907లో వేసిన పది చిత్రాలు మూడు మీటర్ల పైన ఎత్తుంటాయి. గుండ్రాలు, రేకులు, మెలితిరిగిన గీతలు, లేత నారింజ, నీలం, గులాబీ. తన కాలం వాళ్లకి ఇవి అందవనుకుంది. తాను పోయాక కనీసం 20 ఏళ్లపాటు ఎవరికీ చూపించొద్దని చెప్పి 1944లో కన్నుమూసింది. 2018లో న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియం వాటిని ప్రదర్శిస్తే ఆరు లక్షల మందికి పైగా వచ్చారు.

ఇంకా వెనక్కి వెళ్తే లండన్‌లో జార్జియానా హౌటన్ అనే ఆమె 1860లలోనే ఆత్మలు గీయిస్తున్నాయంటూ ఆకారం లేని నీటిరంగుల బొమ్మలు వేసింది. 1910 తర్వాత కుప్కా, డెలోనే, మలేవిచ్, మాండ్రియన్ అనే చిత్రకారులు దాదాపు ఒకేసారి ఇటే వచ్చారు. అందుకని మొదటివాళ్లెవరన్న పోటీ నాకంత ముఖ్యం అనిపించదు. ఇంతమందికి ఒకే కాలంలో ఒకే అవసరం ఎందుకు కలిగిందన్నదే ఆసక్తికరం.

మరి ఎందుకు కలిగింది?

మొదటి కారణం కెమెరా. 1839లో ఫొటోగ్రఫీ జనం ముందుకొచ్చింది. అప్పటిదాకా ఒక మనిషి పోలిక, ఒక ఊరి రూపు దాచిపెట్టుకోవాలంటే చిత్రకారుడే దిక్కు. ఆ పని కెమెరా తీసుకున్నాక, బొమ్మ మాత్రమే చేయగలిగేది ఏంటని వెతకాల్సి వచ్చింది. మోనే తరం వెలుతురుని పట్టుకుంది. సెజాన్ కొండల్ని, పళ్లని రంగు పలకలుగా విడదీశాడు. 1907 నాటికి పికాసో, ఆ వెంటనే బ్రాక్, వస్తువుని అన్ని వైపుల నుంచి ఒకేసారి చూపించే ప్రయత్నంలో దాన్ని విరిచేశారు. వస్తువుని పూర్తిగా వదిలేయడానికి ఇక ఒక్క అడుగే మిగిలింది.

రెండో కారణం ఆధ్యాత్మికం. కంటికి కనిపించే ప్రపంచం వెనక ఇంకేదో ఉందన్న తపన ఆ కాలంలో యూరప్‌లో చాలా బలంగా ఉండేది. ఎక్స్‌రేలు కనుక్కున్నది 1895లో. కంటికి ఆననిది కూడా నిజమేనని సైన్సే చెప్పడంతో ఆ తపనకి ఇంకా బలం వచ్చింది. కాండిన్‌స్కీ 1911 చివర్లో కళలోని ఆధ్యాత్మికత గురించి పుస్తకమే తెచ్చాడు.

ఇదంతా పడమటి దేశాల సరుకు కదా, బెజవాడ వాళ్లకి దీంతో ఏం సంబంధం?

బీసెంట్ రోడ్డులో చీరలు కొనుక్కునేటప్పుడు ఆ పేరు ఎవరిదో ఒకసారి గుర్తు చేసుకోండి. అనిబిసెంట్ మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజాన్ని నడిపించిన మనిషి. 1900ల తొలి ఏళ్లలో ఆమె, ఆ సమాజంలోనే ఉన్న లెడ్‌బీటర్ కలిసి మనిషి ఆలోచనలకి, ఉద్వేగాలకి రంగూ ఆకారం ఉంటాయని చెబుతూ ఒక పుస్తకం తెచ్చారు. కోపం ఎలా ఉంటుంది, భక్తి ఎలా ఉంటుంది, చర్చిలో వాయించిన సంగీతం పైకి ఏ ఆకారంలో లేస్తుంది అని అందులో రంగుల బొమ్మలున్నాయి. వస్తువు లేని బొమ్మలు! కాండిన్‌స్కీకి ఆ పుస్తకం తెలుసు, దివ్యజ్ఞాన సమాజం గురించి తన పుస్తకంలో ప్రస్తావించాడు కూడా. మాండ్రియన్ 1909లో ఆ సమాజంలో సభ్యుడిగా చేరాడు. హిల్మాకీ ఆ ఆలోచనలతో దగ్గరి పరిచయం ఉంది. యూరప్ చిత్రకారుల్ని కదిలించిన గాలిలో కొంత అడయారు మీదుగా కూడా వీచిందన్నమాట.

1922 డిసెంబర్‌లో కలకత్తాలో కాండిన్‌స్కీ, పాల్ క్లే లాంటి బౌహౌస్ (జర్మనీలోని కళాపాఠశాల) కళాకారుల చిత్రాల ప్రదర్శన జరిగింది. అంటే ఈ కళ మనదేశానికి వచ్చి వందేళ్లు దాటింది.

అమరావతి సంగతి కూడా చాలామంది ఎత్తుతారు. అక్కడి తొలి శిల్పాల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. ఖాళీ సింహాసనం, పాదముద్రలు, ధర్మచక్రం, బోధివృక్షం ఉంటాయి, చుట్టూ మనుషులు చేతులు జోడించి ఉంటారు. చూడాల్సిన మనిషిని చూపించకుండానే ఆయన ఉన్నాడని నమ్మించిన శిల్పులు వాళ్లు. అయితే దీన్ని నైరూప్య కళ అంటే నేను ఒప్పుకోను. సింహాసనం సింహాసనమే, పాదం పాదమే, అవి గుర్తులు. మనవాళ్లు రెండు వేల ఏళ్ల కిందటే అన్నీ చేసేశారని చెప్పుకోవడం ఆ శిల్పులకీ న్యాయం కాదు, మలేవిచ్‌కీ న్యాయం కాదు. చూపించకపోవడంలో ఎంత బలం ఉందో కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకి చాలాకాలంగా తెలుసు, అంతవరకు అనొచ్చు.

ముగ్గు నైరూప్య కళేనా?

మెలికల ముగ్గు మాత్రం చాలా దగ్గర. చుక్కల చుట్టూ తిరిగే ఆ గీత పువ్వు కాదు, పక్షి కాదు. దాన్ని చూసి దేని బొమ్మ అని అడిగే తెలుగువాడు ఉండడు. గీత తెగకుండా తిరిగి మొదటికి వచ్చి కలిసినప్పుడు కలిగే తృప్తి, రెండు వైపులా తూకం కుదిరినప్పుడు కంటికి కలిగే హాయి, ఇవే నైరూప్య చిత్రం ఇచ్చేవి కూడా. తేడా ఏంటంటే ముగ్గు పద్ధతి తరతరాలుగా వచ్చింది, చిత్రకారుడు తన పద్ధతిని తానే వెతుక్కోవాలి. అమెరికాలో జాక్సన్ పొలాక్ 1947 నుంచి కాన్వాసుని నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగుని ధారగా వదిలేవాడు. నేల మీద ఇసుకతో బొమ్మలు వేసే అక్కడి ఆదివాసుల పద్ధతిని ఆయనే గుర్తు చేసుకున్నాడు. సంక్రాంతి నెలలో తెల్లవారుజామున నడుం వంచి వాకిట్లో పిండి వదిలే ఆడవాళ్ల చేతి కదలిక చూసినవాళ్లకి పొలాక్ పని అంత వింతగా అనిపించకూడదు.

డ్రాయింగ్ రానివాళ్లే ఇలా వేస్తారా?

డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు పాసైన పిల్లల తల్లిదండ్రులు ఇది గట్టిగా అడుగుతారు. మాండ్రియన్ చెట్లు చూడమని వాళ్లకి చెబుతాను. ఫోన్‌లో వెతికినా దొరుకుతాయి, వరసగా పెట్టుకుని చూడండి.

1908 ప్రాంతంలో మొదలుపెట్టిన ఎర్ర చెట్టు అచ్చంగా చెట్టే. వంగిన కొమ్మలు, వెనక నీలం. 1911 నాటి బూడిదరంగు చెట్టులో కొమ్మలకీ కొమ్మల మధ్య ఆకాశానికీ సమానమైన బరువు వచ్చేసింది, ఏది ముందో ఏది వెనకో చెప్పడం కష్టం. 1912లో వేసిన పూల ఆపిల్ చెట్టులో కాండం దాదాపు మాయమై, విల్లుల్లాంటి గీతలు మిగిలాయి. మరో పదేళ్లకి నిలువు గీత, అడ్డ గీత, ఎరుపు, పసుపు, నీలం, తెలుపు. ఆ చివరి చిత్రం ఒక్కటే చూస్తే స్కేలు పెట్టి గీశాడనిపిస్తుంది. వరసగా చూస్తే పదిహేనేళ్లపాటు ఒక మనిషి చెట్టుని ఎంత శ్రద్ధగా చూశాడో తెలుస్తుంది. కొమ్మ పైకి పోయే శక్తి, నేల అడ్డంగా పరుచుకునే శాంతి, వాటి తూకం, ఆయనకి చివరికి కావలసింది అదే. మ్యూజియంలో దగ్గర నుంచి చూస్తే ఆ తెలుపులన్నీ ఒకే తెలుపు కాదు, కుంచె నడిచిన దిక్కు ఒక్కో గడిలో ఒక్కోలా ఉంటుంది.

డ్రాయింగ్ రానివాళ్లు నైరూప్యం వైపు రాకూడదని నేను అనను. వచ్చినవాళ్లలో చాలామంది గట్టి డ్రాయింగ్ చేతిలో ఉండి కూడా దాన్ని పక్కన పెట్టారు, అది మర్చిపోవద్దు.

మా బాబు కూడా ఇలా వేస్తాడు కదండీ?

వేస్తాడు, కొన్నిసార్లు చాలా బాగా వేస్తాడు. రంగంటే భయం లేని వయసు అది. దీన్ని 2011లో అమెరికాలో ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు పరీక్షించి చూశారు. పేరున్న నైరూప్య చిత్రకారుల బొమ్మ ఒకటి, దాని పోలికతోనే ఉన్న పిల్లల బొమ్మో కోతి, చింపాంజీ, ఏనుగు లాంటి జంతువు వేసిన బొమ్మో ఒకటి, జతగా చూపించి ఏది మెరుగని అడిగారు. కళతో పరిచయం లేనివాళ్లు కూడా సగం కంటే ఎక్కువసార్లు చిత్రకారుడి బొమ్మనే ఎంచుకున్నారు. పేర్లు తారుమారు చేసి చూపించినప్పుడు కూడా అంతే. వెనక ఒక ఆలోచన ఉందని కంటికి తెలిసిపోతోంది. అలాగని అందరూ ప్రతిసారీ సరిగ్గా చెప్పలేదు, అది కూడా నిజం.

పిల్లాడికి ఎక్కడ ఆపాలో తెలియదు. పక్కనున్న పెద్దవాళ్లు షీటు లాక్కున్నప్పుడే ఆ బొమ్మ పూర్తవుతుంది. చిత్రకారుడి పనిలో సగం ఆపడమే.

తలకిందులుగా వేలాడదీస్తే ఎవరికైనా తెలుస్తుందా?

ఒక్కోసారి తెలియలేదు. మాండ్రియన్ 1941లో రంగు టేపులతో చేసిన ఒక పని 1945 నుంచి తలకిందులుగానే ప్రదర్శనలో ఉందని జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్‌ మ్యూజియం వాళ్లు 2022లో బయటపెట్టారు. పాత ఫొటోలో అది స్టాండు మీద మరోలా ఉంది. ఇప్పుడు తిప్పితే పాత టేపులు ఊడిపోతాయని అలాగే ఉంచేశారు. దీన్ని చాలామంది మోసానికి రుజువుగా చెబుతారు. నాకలా అనిపించదు. పైకీ కిందికీ రెండువైపులా తూకం నిలిచేలా ఒక కూర్పు చేయడం మామూలు విద్య కాదు.

నల్లటి చదరం ఒకటి గీసి గొప్ప కళ అంటే ఎలా నమ్మాలి?

కజిమిర్ మలేవిచ్ నల్ల చదరం 1915 డిసెంబర్‌లో పెట్రోగ్రాడ్‌లో (ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్) మొదటిసారి ప్రదర్శనకి వచ్చింది. సుమారు 80 సెంటీమీటర్ల కాన్వాసు, తెలుపు మీద నలుపు. దాన్ని గోడ మధ్యలో పెట్టలేదు, గది మూలలో పైన, రష్యన్ ఇళ్లలో దేవుడి పటం ఉండే చోట పెట్టాడు. మన ఇంట్లో పూజగదిలో పటం తీసి నల్ల చదరం పెడితే ఇంట్లోవాళ్లకి ఎలా ఉంటుందో ఊహించండి, అప్పుడు ఆ పని తెగువ అర్థమవుతుంది. ప్రపంచయుద్ధం జరుగుతోంది, పాత రష్యా కూలిపోతోంది. ఇక పాత బొమ్మలు చాలవు, సున్నా దగ్గర నుంచి మొదలుపెడదాం అన్నాడు.

ఆ చదరం కొలతలకి సరిగ్గా చదరం కాదు, చేత్తో వేసిందే. ఇప్పుడు నలుపు నిండా పగుళ్లు వచ్చి కింది రంగులు తొంగిచూస్తున్నాయి. 2015లో ఎక్స్‌రే తీస్తే దాని కింద రంగుల్లో వేసిన మరో రెండు చిత్రాలు బయటపడ్డాయి. తర్వాత సోవియట్ ప్రభుత్వానికి ఈ కళ గిట్టలేదు, 1930లో ఆయన్ని అరెస్టు కూడా చేశారు, చదరం దశాబ్దాలపాటు జనం కంటపడలేదు. హిట్లర్ ప్రభుత్వం 1937లో మ్యూనిక్‌లో కాండిన్‌స్కీ, క్లే చిత్రాల్ని భ్రష్ట కళ అని ముద్రవేసి ఎగతాళి కోసం ప్రదర్శనకి పెట్టింది. ఏ నాయకుడి బొమ్మా, ఏ నినాదమూ లేని రంగులంటే రెండు వైపుల నియంతలూ ఎందుకు అంత భయపడ్డారు? నైరూప్య కళ ఎవరికీ పనికిరాదనేవాళ్లు దీని గురించి కాస్త ఆలోచించాలి.

మన తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. కృష్ణా జిల్లా గుడివాడలో 1936లో పుట్టిన ఎస్.వి. రామారావు గారు మద్రాసులో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ దగ్గర, తర్వాత లండన్‌లోని స్లేడ్ ఆర్ట్ స్కూల్లో చదువుకుని చికాగోలో స్థిరపడ్డారు. రంగుల పొరలతో వేసిన నైరూప్య చిత్రాలకి పేరు. 2001లో పద్మశ్రీ వచ్చింది. గుడివాడ నుంచి వెళ్లిన మనిషి ఈ కళలో అంత దూరం నడిచారన్న సంగతి మన జిల్లాలో ఎంతమందికి తెలుసు?

చిత్రాన్ని ఎలా చూడాలో తెలుగులో రాసినవాళ్లలో సంజీవదేవ్ గారిని తప్పక తలుచుకోవాలి. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో 1914లో పుట్టారు, హిమాలయాల్లో రష్యన్ చిత్రకారుడు రోరిక్ దగ్గర ఉండి వచ్చారు, మళ్లీ తుమ్మపూడిలోనే ఉంటూ 1999 దాకా రాస్తూ, బొమ్మలు వేస్తూ గడిపారు. పల్లెటూళ్లో కూర్చుని ప్రపంచ కళ గురించి సొంత కళ్లతో మాట్లాడొచ్చని చూపించిన మనిషి.

దేశంలో మిగతావాళ్లలో నాకు వి.ఎస్. గైతోండే, ఎస్.హెచ్. రజా, నస్రీన్ మొహమ్మదీ ముఖ్యం. రజా గారికి చిన్నప్పుడు చదువు మీద ధ్యాస నిలవకపోతే బడిలో మాస్టారు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నారట. ఎన్నో ఏళ్లు ఫ్రాన్స్‌లో ఉన్నాక ఆ చుక్కే బిందువై ఆయన చిత్రాల మధ్యలోకి వచ్చింది. నస్రీన్ పెన్సిల్, ఇంకు, సన్నటి గీతలు, అంతే వాడారు. 1990లో 53 ఏళ్లకే పోయారు. ఆ గీతల ముందు నిలబడితే ఊపిరి నెమ్మదిస్తుంది.

ఒక్కో బొమ్మకి అన్ని కోట్లు ఎందుకు పెడతారు?

గైతోండే 1961లో వేసిన ఒక చిత్రం 2021 వేలంలో 39.98 కోట్లకి పోయింది. రజా చిత్రం ఒకటి 2023లో 51.75 కోట్లు పలికింది. ఆకారాలున్న బొమ్మలకీ అంతే, హుసేన్ గ్రామయాత్ర 2025లో 118 కోట్లు దాటింది. చిత్రకారుడు పోయాక బొమ్మలు పెరగవు, గైతోండే అసలే తక్కువ వేసేవారు, కొనేవాళ్లు పెరిగారు. ధరకి కారణాలు ఇవే. ధర చూసి బొమ్మని పొగడొద్దు, ధర చూసి తిట్టొద్దు. వేలం డబ్బు ఎక్కువగా అమ్మినవాళ్లకి వెళ్తుంది, వేసినవాళ్లకి కాదు.

ఎలా చూడాలి?

ముందు పక్కనున్న పేరు పలక చదవొద్దు. దూరం నుంచి మొత్తం చూడండి. తర్వాత చెయ్యి చాచితే తగిలేంత దగ్గరికి వెళ్లండి, కానీ తాకొద్దు. ఏ రంగు ముందు వేశారు, ఏది పైన పడింది, కుంచె ఎక్కడ ఆగింది, ఎక్కడ రంగుని గీకారు అని వెతకండి. ఇది చేయి కదలికని వెనక్కి చదవడం. గైతోండే రోలర్‌తో, ప్యాలెట్ నైఫ్‌తో రంగు పరిచి, కొంత తీసేసి, మళ్లీ పరిచేవారు. ఆ పొరల్లో వెలుతురు లోపలి నుంచి వస్తున్నట్టుంటుంది. ఫోన్ తెరలో ఇది కనిపించదు. పొలాక్ 1950లో వేసిన ఒక చిత్రం అయిదు మీటర్ల పైన పొడవుంటుంది, దాన్ని అరచేతిలో చూసి ఏముంది ఇందులో అంటే ఆ బొమ్మ చేయగలిగిందేం లేదు. అమెరికా చిత్రకారుడు రోత్కో తన చిత్రాల్ని దగ్గరగా నిలబడి చూడాలని కోరుకునేవాడు, అంచులు కంటికి అందక రంగులో మునిగిపోవాలని.

ఆ తర్వాత ఊరికే నిలబడండి. చాలామంది ఒక బొమ్మ ముందు కొన్ని సెకన్లే ఉంటారు. అయిదు నిమిషాలు ఉండి చూడండి. మొదట విసుగొస్తుంది. తర్వాత ముదురు రంగులో ఇంకో రంగు కనిపించడం మొదలవుతుంది, ఒక మూల బరువుగా, ఒక మూల తేలిగ్గా అనిపిస్తుంది. ఈ కళ ఆకర్షణ ఏంటని అడిగితే నా జవాబు అదే. రోజంతా చూసిన ప్రతిదానికీ పేరు పెట్టి పక్కన పడేస్తుంటాం. పేరు పెట్టడానికి వీల్లేని దాని ముందు కళ్లు మళ్లీ పనిచేయడం మొదలుపెడతాయి.

ఏమీ అనిపించకపోతే? అప్పుడు పక్క బొమ్మకి వెళ్లండి. అన్ని రాగాలూ అందరికీ నచ్చవు.

మంచిదేదో, ఉత్త రంగుల పూతేదో ఎలా తెలుస్తుంది?

నైరూప్య కళ పేరుతో చెత్త చాలా వస్తోంది. హోటల్ లాబీల కోసం టోకుగా తయారయ్యేవి, సోఫా రంగుకి మ్యాచ్ అయ్యేలా వేసేవి. నేను చూసేవి కొన్ని ఉన్నాయి. ఒక మూలని చేత్తో మూసి చూస్తాను, దానివల్ల బొమ్మ మారకపోతే ఆ మూల గురించి వేసినవాళ్లు ఆలోచించలేదన్నమాట. అదే మనిషి వేసిన మరో పది బొమ్మలు చూస్తాను, ఒక అన్వేషణ కనిపిస్తుందా, ఒకే కిటుకు పదిసార్లు వాడారా అని. అన్నిటికంటే ముఖ్యం, వారం తర్వాత ఆ బొమ్మ నాకు గుర్తుందా? ఇవి నా కొలతలు, మీవి మీరు తయారు చేసుకోవచ్చు.

ఇంట్లో హాల్లో పెట్టుకుంటే బాగుంటుందా? వాస్తుకి ఏ రంగు మంచిది?

మీరు రోజూ చూడాలనిపించే రంగు. నేను చెప్పగలిగింది మాత్రం ఇది: ఎండ నేరుగా పడే గోడకి వద్దు, మన ఎండలకి రంగు వెలిసిపోతుంది. వానాకాలం చెమ్మెక్కే గోడకి వద్దు, కాన్వాసు వెనక బూజు పడుతుంది. గోడకీ ఫ్రేముకీ మధ్య కాస్త గాలి ఆడనివ్వండి. పెద్ద పేరున్నవాళ్ల ప్రింటు కొనే డబ్బుతో మన ఊళ్లో వేసే కుర్రాళ్ల అసలు బొమ్మ కొనండి.

నేను వేసి చూడాలంటే ఎలా మొదలుపెట్టాలి?

పోస్టర్ కలర్స్, మందపాటి డ్రాయింగ్ షీట్లు, ఒక వెడల్పాటి ఫ్లాట్ బ్రష్. రెండు రంగులు, తెలుపు, అంతకంటే ఎక్కువ వద్దు. సీతానగరం ఒడ్డునో బ్యారేజీ దగ్గరో కూర్చుని నీళ్లు చూడండి, పడవనీ కొండనీ వదిలేసి ఆ కదలిక ఒక్కటే గీతల్లో పెట్టండి. మాండ్రియన్ కూడా 1915లో సముద్రాన్ని చిన్న చిన్న అడ్డ గీతలు, నిలువు గీతలుగా గీశాడు. మొదటివన్నీ పాడవుతాయి, ఎక్కువగా వేసేయడం వల్లే పాడవుతాయి. షీటు మీద ఖాళీ వదలడం అలవాటు చేసుకోండి. పిల్లలతో వేయిస్తుంటే ఇదేంటి అని అడగొద్దు, ఈ నీలం ఎలా కలిపావు అని అడగండి. ఎంత బాగా చెబుతారో చూడండి.

అసలు చిత్రాలు ఎక్కడ చూడొచ్చు?

మన దగ్గర శాశ్వతంగా చూసే నైరూప్య చిత్రాల గ్యాలరీ కొరతే, అది నాకు బాధ. విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం, అమరావతి మ్యూజియం చూడదగ్గవే గానీ అవి పాత శిల్పాలకి, పురావస్తువులకి. ఈ కళ కోసమైతే చెన్నై రైలెక్కడం మేలు. ఈసీఆర్ రోడ్డు మీద, పణిక్కర్ ఆధ్వర్యంలో చిత్రకారులు 1966లో స్థాపించుకున్న చోళమండలం కళాగ్రామం ఉంది, మ్యూజియంలో మద్రాసు తరం చిత్రాలున్నాయి. ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి నుంచి తరలిన శిల్పాలున్నాయి. రెండూ ఒకే రోజు చూసిరండి, ఖాళీ సింహాసనం చూసిన కళ్లతో పణిక్కర్‌ని చూడడం బాగుంటుంది. బెంగళూరు ప్యాలెస్ రోడ్డులోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాలకి కనీసం సగం రోజు పెట్టుకోండి. ఎగ్మోర్‌కి శుక్రవారం సెలవు, బెంగళూరుకి సోమవారం.